పాడేదీ ఆయనే, ట్రంపెట్ ఊదేదీ ఆయనేనా?

వానచినుకు

అందరికీ నమస్కారం. ఈ విభాగంలో ఇదే నా మొదటి పోస్టు. ప్రశ్న మరీ చిన్నపిల్లల ప్రశ్నలా ఉంటే సర్దుకోండి.

పని చేసుకుంటున్నప్పుడు వెనకాల ఏదో ఒకటి మోగుతూ ఉండాలి నాకు. అలా పెట్టి వదిలేసిన ప్లేలిస్టులో చెట్ బేకర్ అనే ఆయన పాట వచ్చింది, 'బట్ నాట్ ఫర్ మీ'. గొంతు వినగానే ముందు అమ్మాయేమో అనుకున్నా. ఎక్కడా నొక్కి పాడడు, ఎక్కడా గొంతు పెంచడు, మనతో మాత్రమే చెబుతున్నట్టు పాడుకుంటూ పోతాడు. మధ్యలో ట్రంపెట్ సోలో వచ్చింది. అదీ అంతే మెత్తగా ఉంది. ఈ వాయించినాయన ఎవరబ్బా, పాడినాయనకి ఇంత చక్కగా సరిపోయాడు అని వివరాలు తెరిచి చూస్తే, గాత్రం చెట్ బేకర్, ట్రంపెట్ చెట్ బేకర్.

ట్రంపెట్ అంటే పరేడ్లలో చెవులు చిల్లులు పడేలా మోగేదనే ఇన్నాళ్ళూ నా లెక్క. ఇంత నెమ్మదిగా మాట్లాడుతుందని తెలీదు. ఇలా రెండూ చేసేవాళ్ళు ఇంకా ఉన్నారా? అసలు ఒకే మనిషికి రెండూ ఎలా కుదురుతాయి? ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పాతరికార్డు

స్వాగతం వానచినుకు గారూ. మంచి గుమ్మంలోంచే లోపలికొచ్చారు.

మీరు విన్నది 'చెట్ బేకర్ సింగ్స్' రికార్డులోది. 1954లో పసిఫిక్ జాజ్ అనే రికార్డు కంపెనీవాళ్ళు పది అంగుళాల ఎల్పీగా వేశారు, ఎనిమిది పాటలు. 1956లో ఇంకో ఆరు పాటలు చేర్చి పన్నెండు అంగుళాలది తెచ్చారు. పియానో రస్ ఫ్రీమన్. మీరు విన్న పాట పాడేనాటికి బేకర్‌కి ఇరవై నాలుగేళ్ళు.

పాడకముందే ఆయనకి జాజ్‌లో ట్రంపెట్‌తో పేరొచ్చేసింది. 1952లో లాస్ ఏంజెలెస్‌లో 'ది హేగ్' అనే చిన్న క్లబ్బులో జెర్రీ మల్లిగన్ క్వార్టెట్ (నలుగురి బృందం)లో వాయించేవాడు. మల్లిగన్‌ది బారిటోన్ శాక్సఫోన్. ఆ క్వార్టెట్‌లో పియానో లేదు. బేస్, డ్రమ్స్, పైన ఈ ఇద్దరు, అంతే. పియానో ఉంటే కార్డ్స్, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు, అది చూసుకుంటుంది. లేకపోతే ట్రంపెట్, శాక్స్ ఒకరు వదిలిన సందులో ఇంకొకరు దూరాలి, ఎదుటివాడు ఏం చేయబోతున్నాడో క్షణక్షణం వింటూ ఉండాలి. బేకర్‌కి ఆ చెవి పుట్టుకతో వచ్చింది.

మీకొక పని చెబుతాను. అదే 1952లో ఆ క్వార్టెట్ 'మై ఫన్నీ వాలెంటైన్' మాటల్లేకుండా రికార్డు చేసింది. రెండేళ్ళ తర్వాత అదే పాట బేకర్ గొంతుతో పాడాడు. ముందు మొదటిది, వెంటనే రెండోది వినండి. స్వరం ఎక్కడ ఆపాడో, ఎక్కడ సన్నగా వదిలేశాడో మాత్రమే పట్టించుకోండి. పాడింది, ఊదింది ఒకే మనిషని ఎవరూ చెప్పనక్కర్లేదు.

చెవులపిల్లి

హమ్మయ్య, ఆ గొంతు విని అమ్మాయనుకున్నది నేనొక్కదాన్నే కాదన్నమాట.

రాగమాలిక

నేను కాస్త కటువుగా చెబుతాను, ఏమీ అనుకోవద్దు. చిన్నప్పటి నుంచీ కర్ణాటక సంగీతం నేర్చుకున్న చెవి నాది. ఈయన గాత్రంలో శృతి చాలాచోట్ల కిందకి జారుతుంది. సాగదీసిన స్వరం చివర ఊపిరి చాలక వదిలేసినట్టుంటుంది. పైస్థాయికి వెళ్ళడు, వెళ్తే నిలబడడు. కుర్రాడు అందగాడు, అట్ట మీద ఫోటో బాగుంది, కంపెనీవాళ్ళు అమ్ముకున్నారు. ట్రంపెట్ వరకూ అయితే నేనూ ఒప్పుకుంటా.

పాతరికార్డు

రాగమాలిక గారూ, అప్పట్లో విమర్శకులు కూడా ఇంచుమించు ఇవే మాటలతో ఏకిపారేశారు. "ట్రంపెట్ వాయించుకోక ఈ పాటలెందుకు" అన్నవాళ్ళే ఎక్కువ. తమాషా ఏమిటంటే డెబ్భై ఏళ్ళు గడిచాక కొత్తగా ఆయన దగ్గరికొచ్చేవాళ్ళలో చాలామంది ఆ పాటలు పట్టుకునే వస్తున్నారు, వానచినుకు గారిలాగా.

ఇత్తడిబాకా

నేను ట్రంపెట్ వాయిస్తాను. బతుకుతెరువు కోసం కాదు గానీ రోజూ సాధన మాత్రం తప్పదు. 'ఎలా కుదురుతాయి' అన్నారు కదా, దానికి నాకు తెలిసింది చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

ట్రంపెట్‌కి మీటలు మూడే. వాటిని నొక్కడంలో, వదలడంలో వచ్చే కలయికలు ఎనిమిది. అందులో రెండు దాదాపు ఒకటే పొడవు గొట్టాన్ని ఇస్తాయి కాబట్టి నికరంగా ఏడు. మరి రెండున్నర స్థాయిల స్వరాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? పెదాల నుంచి. ఏ మీటా ముట్టుకోకుండా, పెదాల బిగువు, గాలి వేగం మారుస్తూ పోతే స, ప, పై స, ఆ పైన గ, ప వరుసగా పలుకుతాయి. అంటే వేళ్ళు సరిగ్గా పెట్టినా పక్క స్వరం పలికే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. పియానో మీద మెట్టు నొక్కితే ఆ స్వరమే వస్తుంది. ఇక్కడ ఆ హామీ లేదు. ఊదబోయే స్వరం ముందే తలలో వినిపిస్తుంటే తప్ప పెదాలకి ఎంత బిగవాలో తెలీదు.

అందుకే మా గురువుగారు ముందు పాడించి, తర్వాతే ఊదించేవారు. పాడలేని వాక్యాన్ని ఊదనిచ్చేవారు కాదు. ట్రంపెట్ వాయించేవాళ్ళం అందరం లోపల పాడుకుంటూనే ఉంటాం, కొందరు దాన్ని బయటికి వినిపించే ధైర్యం చేస్తారు.

ఊపిరి కూడా రెండింటికీ ఒకటే. పొట్ట అడుగు నుంచి తీసుకుని, కొలిచి వదలాలి. ఒక వాక్యానికి ఎంత గాలి కావాలో పాడేవాడికీ ఊదేవాడికీ ఒకేలా తెలియాలి. శాక్సఫోన్, క్లారినెట్‌లకీ గాలే కావాలి గానీ వాటిలో కంపించేది రెల్లు బద్ద. ట్రంపెట్‌లో కంపించేది మన ఒళ్ళే.

చిక్కు ఎక్కడంటే, అదే పెదాలతో మాటలూ పలకాలి. కాసేపు పైస్వరాలు ఊదాక పెదాలు మొద్దుబారతాయి, మౌత్‌పీస్ (నోటికి ఆనించే ముక్క) గుర్తు గుండ్రంగా పడిపోతుంది. ఆ నోటితో వెంటనే 'ప', 'బ', 'మ' ఉన్న మాట పాడి చూడండి, అరిచెయ్యి తిమ్మిరెక్కినప్పుడు గుండీ పెట్టుకున్నట్టుంటుంది. అటు నుంచి ఇటు వచ్చినా కష్టమే. పాడి పాడి నోరు ఎండిపోతే తర్వాత ఊదే మొదటి స్వరం పగులుతుంది. ఇలాంటివాళ్ళ కచేరీల్లో పాటకీ ట్రంపెట్‌కీ మధ్య పియానో కాసేపు వాయిస్తుంది, గమనించారా? వినేవాళ్ళు అది అరేంజ్‌మెంట్ అనుకుంటారు. అప్పుడే కదా ఆయన నీళ్ళు తాగాల్సింది!

సౌండ్‌డెస్క్

ఇత్తడిబాకా గారు నీళ్ళ సంగతి చెప్పారు, నేను మా టెన్షన్ సంగతి చెబుతా. పాడేటప్పుడు ఈ రకం గాయకులు మైకుకి రెండంగుళాల దూరంలో ఉంటారు, గుసగుసలాంటి గొంతు. తర్వాతి క్షణం అదే మైకు ముందు ట్రంపెట్ ఎత్తితే? మీటర్లన్నీ ఎర్రబడతాయి. అందుకని స్టేజి మీద రెండు మైకులు పెడతాం, ఒకటి దగ్గర గొంతుకి, ఒకటి కాస్త ఎడంగా ట్రంపెట్‌కి. ఒకటే ఉంటే ఆ మనిషే అడుగు వెనక్కి వేసి ఊదాలి. అనుభవం ఉన్నవాళ్ళు ఆ అడుగు లెక్కగా వేస్తారు. లేనివాళ్ళు వేయరు, మాకు మర్నాటిదాకా చెవులు గుయ్యిమంటాయి.

బేకర్ లాంటి గొంతు మైకు పుట్టాకే పుట్టగలదు. మైకు లేని కాలంలో ఆయన పాడితే రెండో వరసకి కూడా వినపడేది కాదు.

వానచినుకు

అబ్బ, ఇంత వివరంగా చెబుతారనుకోలేదు. 1952, 1954 రెండూ పక్కపక్కన విన్నాను పాతరికార్డు గారూ. మొదటిదాంట్లో ట్రంపెట్ ఒక్కో స్వరాన్ని కదపకుండా తిన్నగా పట్టుకుని, చివర్న అలా వదిలేస్తుంది. గొంతులోనూ అదే. వణుకే లేదు.

ఇంకో సందేహం. కొన్ని పాటల్లో ఒకే మనిషి పాడుతుండగా వెనకాల అదే మనిషి ట్రంపెట్ కూడా వినిపిస్తోంది. అదెలా?

సౌండ్‌డెస్క్

ముందు ఒకటి రికార్డు చేసి, దాన్ని హెడ్‌ఫోన్లలో వింటూ రెండోది దాని మీద ఎక్కించడమే. ఓవర్‌డబ్ అంటాం. వేరే మంత్రమేమీ లేదు.

ఇత్తడిబాకా

స్టేజి మీద మాటలు పాడుతూ ఊదడం ఎవరివల్లా కాదు. కానీ ఊదుతూ గొంతులో సన్నగా కూనిరాగం తీయొచ్చు. అప్పుడు ట్రంపెట్ గుర్రుమంటుంది. 'గ్రౌల్' అనే ఎఫెక్ట్‌ని పుట్టించే పద్ధతుల్లో అదొకటి.

నిశాచరి

ఇంత మాట్లాడుకున్నారు, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు ఇప్పటిదాకా ఒక్కరూ ఎత్తలేదేంటి? పాడుతూ ట్రంపెట్ వాయించే జాజ్ మనిషి అంటే ముందు ఆయన, తర్వాతే మిగతా లోకం.

న్యూ ఓర్లీన్స్‌లో కడు పేదరికంలో పుట్టి, పిల్లల సంరక్షణాలయంలో కార్నెట్ (ట్రంపెట్ లాంటిదే, పొట్టిది) నేర్చుకుని, 1922లో కింగ్ ఆలివర్ పిలిస్తే షికాగో వెళ్ళాడు. 1926 ఫిబ్రవరిలో తన హాట్ ఫైవ్ బృందంతో 'హీబీ జీబీస్' రికార్డు చేశాడు. మధ్యలో మాటలు వదిలేసి అర్థం లేని అక్షరాలతో పాడతాడు, దాన్నే స్కాట్ అంటారు. పాట రాసుకున్న కాగితం చేతిలోంచి జారిపోతే అప్పటికప్పుడు అలా పాడేశానని ఆయనే చెప్పుకునేవాడు. కథ బాగుంది, నమ్మేవాళ్ళు తక్కువ. స్కాట్ అంతకుముందు రికార్డుల్లోనూ ఉంది. కానీ జనం నోళ్ళలో పడింది మాత్రం దీంతోనే.

వానచినుకు గారూ, మీరు వినాల్సింది మాత్రం 'వెస్ట్ ఎండ్ బ్లూస్'. 1928 జూన్ 28, షికాగో. మూడు నిమిషాల చిల్లర. మొదట్లో తోడు వాద్యాలేమీ లేకుండా ట్రంపెట్ ఒక్కటే పన్నెండు సెకన్లపాటు పైకెక్కి మెలికలు తిరుగుతూ దిగుతుంది. జాజ్ వాయించేవాళ్ళు ఇప్పటికీ ఆ ముక్కని పాఠంలా అప్పజెబుతారు. మధ్యలో జిమ్మీ స్ట్రాంగ్ క్లారినెట్ ఒక మాట అంటుంది, ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతు మాటల్లేకుండా దానికి బదులిస్తుంది. నెమ్మదిగా, లాలనగా, ట్రంపెట్ కింద పెట్టి అదే వాక్యాన్ని నోటితో కొనసాగిస్తున్నట్టు. తర్వాత ఎర్ల్ హైన్స్ పియానో. ఆఖర్న మళ్ళీ ట్రంపెట్ వస్తుంది. ఒకే ఒక్క పైస్వరం అందుకుని దాదాపు నాలుగు బార్లు (తాళావర్తాలు) వదలడు. ఆ స్వరం నిలబడి ఉన్నంతసేపూ కింద లయ నడుస్తూ ఉంటుంది, ఎప్పుడు దిగుతాడా అని మనకి ఊపిరి ఆడదు. దిగినప్పుడు గబగబా వరుసగా స్వరాలు కుమ్మరించేస్తాడు.

గొంతు, ట్రంపెట్ పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి ఇంతకంటే చిన్న, ఇంతకంటే నిండైన రికార్డు నాకు తెలీదు.

చెవులపిల్లి

ఆగండాగండి. 'వాట్ ఎ వండర్‌ఫుల్ వరల్డ్' పాడిన గరగర గొంతు తాతగారేనా? ఆయన ట్రంపెట్ వాయిస్తాడా??

నిశాచరి

హహ, చెవులపిల్లి గారూ, ఆయన నలభై ఏళ్ళపాటు వాయించిందంతా పక్కకెళ్ళిపోయి ఆ ఒక్క పాట మిగిలింది చూశారా! మీ తప్పేమీ లేదు, ఆ పాటలో ట్రంపెట్ ఉండదు. 1967లో వచ్చింది. అమెరికాలో రికార్డు కంపెనీ పెద్దాయనకే నచ్చక ప్రచారం చేయలేదు, అక్కడ పడుకుంది. బ్రిటన్‌లో మాత్రం 1968లో నంబర్ వన్ అయింది. అమెరికాలో ఇంటింటికీ చేరింది ఆయన పోయాక, 'గుడ్ మార్నింగ్ వియత్నాం' సినిమాలో వాడుకున్నాకే.

ఆయన్ని రెండు రకాలుగానూ వినాలంటే 1964 నాటి 'హలో డాలీ' పట్టుకోండి. బీటిల్స్‌ని మొదటి స్థానం నుంచి దింపిన పాట అది. అప్పటికి ఆయనకి అరవై రెండేళ్ళు. పాటలో ట్రంపెట్ సోలో దర్జాగా ఉంటుంది. ఇంకా తీరిగ్గా వినాలంటే ఎల్లా ఫిట్జెరాల్డ్‌తో 1956లో చేసిన 'ఎల్లా అండ్ లూయీ'. ఆవిడ గొంతు నున్నగా ఉంటుంది, ఈయనది గరుకు.

రాగమాలిక

ఆర్మ్‌స్ట్రాంగ్ విషయంలో నాకు పేచీ లేదు. గొంతు బొంగురైనా స్వరస్థానం చెక్కుచెదరదు. 'వెస్ట్ ఎండ్ బ్లూస్' ఇప్పుడే విన్నా. ఆ మాటల్లేని పాట మన మనోధర్మానికి దగ్గరగా ఉంది. గొంతు ఎంత గరుకుగా ఉన్నా పర్వాలేదు, శృతి ఉండాలి. బేకర్ దగ్గర నాకు దొరకనిది అదే.

ఇత్తడిబాకా

రాగమాలిక గారూ, మీరన్నది పూర్తిగా కాదనను. 'సింగ్స్' రికార్డులో కొన్ని స్వరాలు కాస్త కింద ఉన్న మాట నిజమే. నేను వినేది ఇంకోటి.

ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్‌లో పొడుగు స్వరం మొదట తిన్నగా ఉండి చివర పెద్దగా ఊగుతుంది. ఆ చివరి ఊపు ఆయన సంతకం. ఇప్పుడు ఆయన గొంతు వినండి, మాట చివర అదే ఊపు. ఎక్కడ తాళానికి కాస్త వెనక్కి వాలతాడో, ఎక్కడ ముందుకి దూకుతాడో రెండింట్లోనూ ఒకటే. బేకర్ దీనికి పూర్తిగా ఎదురు, స్వరాన్ని అసలు ఊపడు. ట్రంపెట్‌లో ఊపడు కాబట్టి గొంతులోనూ ఊపడు. ఊపు తీసేస్తే ఏమవుతుందో మీకు నాకంటే బాగా తెలుసు, చిన్న అపస్వరం కూడా దాక్కోడానికి చోటుండదు. బాగా ఊపి పాడేవాళ్ళ అపస్వరాలు ఆ ఊపులో కలిసిపోతాయి. బేకర్‌వి బట్టబయలు.

అంటే ఆయన ట్రంపెట్‌కి పెట్టుకున్న నియమాన్నే గొంతుకీ పెట్టాడు. గొంతు ఆ బరువు కొన్నిచోట్ల మోయలేకపోయింది. నాకది వినడానికి ఇష్టం, మీకు కాదు. అంతవరకే మన తేడా.

రాగమాలిక

ఈ వాదన బాగుంది. ఒప్పుకోను గానీ, బాగుంది.

పాతరికార్డు

ఆ ఊపు లేకపోవడమే బ్రెజిల్ వాళ్ళకి నచ్చింది. బోసా నోవా (అక్కడి మెత్తటి పాటల శైలి) గాయకుల మీద బేకర్ ప్రభావం గురించి అక్కడి సంగీతకారులే చెప్పుకున్నారు. గొంతు పెంచకుండా, ఊపకుండా, మైకుకి దగ్గరగా పాడే పద్ధతి అది.

ఇక వానచినుకు గారి 'ఇంకా ఎవరున్నారు'కి నా వంతు. బన్నీ బెరిగన్, 1937, 'ఐ కాంట్ గెట్ స్టార్టెడ్'. పాడేదీ ఆయనే, పాట ముగిశాక ట్రంపెట్‌తో ఆకాశానికెత్తేదీ ఆయనే. గొంతు అంతంతమాత్రమే, రాగమాలిక గారు నన్ను కొడతారు. కానీ ఆ గొంతు అలా ఉండటం వల్లే తర్వాతి ట్రంపెట్ అంత పెద్దగా తోస్తుంది. ముప్పై మూడేళ్ళకే పోయాడు, 1942లో.

నవ్వుకోవాలంటే క్లార్క్ టెర్రీ. 1964లో ఆస్కార్ పీటర్సన్ ట్రయోతో 'మంబుల్స్' అని ఒకటి చేశాడు. పాత బ్లూస్ గాయకుల మాటలు ఎవరికీ అర్థం కావు కదా, దాన్ని వెక్కిరిస్తూ మొత్తం గొణుగుడే. ఒక్క మాట లేదు, కథ మొత్తం అర్థమవుతుంది. ఒక చేత్తో ట్రంపెట్, ఇంకో చేత్తో ఫ్లూగల్‌హార్న్ (ట్రంపెట్‌కి మెత్తటి గొంతున్న చుట్టం) పట్టుకుని తనతో తానే పోట్లాడుకునేవాడు కూడా. ఇంకో ట్రంపెట్ మనిషి డిజ్జీ గిలెస్పీ పాడే స్కాట్ అందరికీ తెలిసిందే. డాక్ చీథమ్ అయితే వాయించడం కుర్రతనంలోనే మొదలుపెట్టి, పాడటం ముసలితనంలో మొదలుపెట్టాడు. తొంభై దాటాక కూడా రెండూ చేశాడు.

చెవులపిల్లి

అందరూ మగవాళ్ళేనా? ఆడవాళ్ళు ఎవరూ ఊదలేదా, లేక ఊదినా మీరు చెప్పట్లేదా?

నిశాచరి

ఊదారు, చరిత్ర రాసినవాళ్ళు చెప్పలేదు. వలైడా స్నో పేరు వెతకండి. అమెరికాలో టెనెసీ రాష్ట్రం చటానూగాలో పుట్టింది. పాడేది, ట్రంపెట్ వాయించేది, నాట్యం చేసేది, బృందాన్నీ నడిపించేది. 'లిటిల్ లూయీ' అనేవాళ్ళు, ఆర్మ్‌స్ట్రాంగ్‌తో పోలుస్తూ. ఆ రోజుల్లో నల్లజాతి స్త్రీకి అమెరికా స్టేజి మీద ట్రంపెట్ ఎత్తి నిలబడే చోట్లు తక్కువ, దాంతో షాంఘై నుంచి యూరప్ దాకా తిరిగింది. 1930ల్లో లండన్‌లో చేసిన రికార్డులు దొరుకుతాయి. రెండో ప్రపంచయుద్ధంలో డెన్మార్క్‌లో నిర్బంధంలో చిక్కుకుని 1942లో అమెరికా తిరిగొచ్చింది. 1956లో పోయింది.

ఆమె పాడుతుంటే హుషారైన అమ్మాయి. ట్రంపెట్ ఎత్తగానే గదిలో అందరూ పక్కకి జరగాల్సిందే. ఆ తేడా వినడానికే వినాలి.

సౌండ్‌డెస్క్

ఇప్పటివాళ్ళలో ఆండ్రియా మోటిస్. బార్సిలోనా అమ్మాయి, 1995లో పుట్టింది. అక్కడ జువాన్ చమోరో నడిపే సాంట్ ఆండ్రూ జాజ్ బ్యాండ్‌లో పిల్లలే వాయిస్తారు, ఆ బ్యాండ్‌లో పెరిగింది. కచేరీల వీడియోలు బోలెడున్నాయి. పాట ముగించి ట్రంపెట్ ఎత్తే ముందు పెదాలు ఒకసారి లోపలికి లాక్కుని సర్దుకోవడం కనబడుతుంది. ఇత్తడిబాకా గారు చెప్పిన సంగతే. 2017లో ఇంపల్స్ లేబుల్ మీద 'ఎమోషనల్ డాన్స్' అనే ఆల్బమ్ వచ్చింది. పోర్చుగీసులో బోసా నోవా కూడా పాడుతుంది. పాతరికార్డు గారి బ్రెజిల్ మాట చూడగానే ఈవిడే గుర్తొచ్చింది. కెనడా నుంచి బ్రియా స్కాన్‌బర్గ్ ఉంది, ఆవిడది ఆర్మ్‌స్ట్రాంగ్ దారి.

తెల్లకాగితం

బేకర్‌ని అందరూ ఇంత పొగుడుతున్నారు. ఆయన జీవితం గురించి తెలిసే మాట్లాడుతున్నారా? హెరాయిన్, జైళ్ళు, అప్పులు, నమ్మినవాళ్ళని ముంచడం. అలాంటి మనిషి ప్రేమపాటలు పాడితే నాకు మింగుడుపడదు.

పాతరికార్డు

తెలిసే మాట్లాడుతున్నాం. హెరాయిన్ ఆయన్ని దాదాపు జీవితమంతా పట్టుకునే ఉంది. 1960లో ఇటలీలో అరెస్టయి లూకా జైల్లో ఏడాదికి పైగా ఉన్నాడు. 1988 మే 13న ఆమ్‌స్టర్‌డామ్‌లో హోటల్ కిటికీలోంచి పడి పోయాడు, యాభై ఎనిమిదేళ్ళకి. ఆయనతో కలిసి బతికినవాళ్ళు పడ్డ పాట్లు ఆయన మీద తీసిన డాక్యుమెంటరీలో వాళ్ళ నోటితోనే వినొచ్చు. వినడానికి హాయిగా ఉండదు. మింగుడుపడకపోతే వదిలేయండి, ఆ హక్కు మీది.

ఈ థ్రెడ్‌కి పనికొచ్చే ముక్క ఒకటుంది. 1966లో ఎవరో కొట్టడంతో ఆయన పళ్ళు దెబ్బతిన్నాయి. ఎవరు, ఎందుకు అన్నది ఆయనే ఒక్కోసారి ఒక్కోలా చెప్పాడు. చివరికి కట్టుడు పళ్ళు పెట్టించుకోవాల్సి వచ్చింది.

ఇత్తడిబాకా

కట్టుడు పళ్ళతో ట్రంపెట్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెబుతా. మౌత్‌పీస్ ఆనేది పెదాల మీద, పెదాలు ఆనేది పళ్ళ మీద. వెనకున్న ఆధారం మారితే పెదాలు కంపించే చోటే మారిపోతుంది. ఏళ్ళ తరబడి కండరాలకి నేర్పిందంతా సున్నా. బేకర్ మొదటి నుంచీ మళ్ళీ నేర్చుకున్నాడు. 1973లో న్యూయార్క్‌లో మళ్ళీ స్టేజి ఎక్కడానికి గిలెస్పీ సాయం చేశాడు. 1974లో కార్నెగీ హాల్‌లో మల్లిగన్ పక్కన నిలబడి మళ్ళీ వాయించాడు.

ఆ తర్వాతి రికార్డుల్లో ట్రంపెట్ ఇంకా తక్కువ మాట్లాడుతుంది. పైకి వెళ్ళడం తగ్గింది, మధ్యస్థాయిలోనే తిరుగుతుంది, గాలి చప్పుడు స్వరంలో కలిసి వినబడుతుంది. గొంతు కూడా ముదిరింది, అరిగింది. కుర్రతనంలో రెండూ ఎలా జతగా ఉన్నాయో ముసలితనంలోనూ అలాగే జతగా ఉన్నాయి. రాగమాలిక గారూ, ఒక్కసారి 1987 జూన్‌లో టోక్యోలో చేసిన కచేరీ రికార్డు వినండి. చనిపోవడానికి ఏడాది ముందుది.

మోడరేటర్

బేకర్ వ్యక్తిగత జీవితం మీద ఇంకా చర్చించాలనుకుంటే కొత్త థ్రెడ్ తెరవండి. ఇక్కడ సంగీతం కొనసాగనివ్వండి.

రాగమాలిక

టోక్యో విన్నాను. 1954 గాత్రం మీద నా అభిప్రాయం అలాగే ఉంది. కానీ ఈ ముసలి గొంతులో నేను శృతి కోసం వెతకలేదు, ఎందుకో ఆ పని గుర్తురాలేదు. ట్రంపెట్ గురించి చెప్పక్కర్లేదు. ఒక స్వరానికీ ఇంకో స్వరానికీ మధ్య ఆయన వదిలే ఖాళీలో తాళం నేను వేసుకుంటూ కూర్చున్నా.

పాతరికార్డు

చాలు! ఇంతకంటే మేమేం అడగం.

వానచినుకు

మీ అందరికీ బోలెడు థాంక్స్. వలైడా స్నో మొదలుపెట్టాను, నిశాచరి గారు చెప్పినట్టే ట్రంపెట్ రాగానే వాల్యూమ్ తగ్గించాల్సి వచ్చింది. ఆర్మ్‌స్ట్రాంగ్ పట్టుకున్న ఆ పైస్వరం మా ఇంట్లో అందరికీ వినిపించా, ఒకరు "రికార్డు ఇరుక్కుందా" అని అడిగారు.

ఇత్తడిబాకా గారూ, చివరగా ఒకటి. ఇవన్నీ వింటుంటే నాకూ నేర్చుకోవాలనిపిస్తోంది. కూనిరాగాలు తీయడం తప్ప సంగీతం రాదు, వయసు నలభై దాటింది. పక్క ఫ్లాటువాళ్ళు ఊరుకోరు. అయ్యే పనేనా?

ఇత్తడిబాకా

అయ్యే పనే. వెంటనే ట్రంపెట్ కొనకండి. మౌత్‌పీస్ ఒక్కటి తీసుకోండి, మొదలుపెట్టేవాళ్ళకి ఎక్కువగా 7సీ సైజు ఇస్తారు. పెదాలు కలిపి గాలి వదిలితే తేనెటీగలా జుమ్మనాలి, అదే జుమ్మును మౌత్‌పీస్‌లో చేయండి. మీకు బాగా తెలిసిన పాట పల్లవి ఒకటి ముందు పాడి, తర్వాత ఆ జుమ్ముతో పలికించండి. పక్క ఫ్లాటు దాకా వినపడదు. రోజుకి పది నిమిషాలు మించొద్దు, పెదాలు నొప్పెడితే ఆపేయండి. పల్లవి గుర్తుపట్టేలా వస్తోందంటే అప్పుడు గురువుని వెతుక్కోండి. ట్రంపెట్ అద్దెకి దొరికితే అద్దెకే తీసుకోండి, ప్రాక్టీస్ మ్యూట్ (చప్పుడు తగ్గించే మూత) మాత్రం సొంతంగా కొనండి.

బుగ్గలు ఉబ్బించకండి. గిలెస్పీ ఉబ్బించాడు కదా అంటారేమో, ఆయన గిలెస్పీ.